పిల్లల భయానికి అక్షరాలిచ్చిన హైమవతి టీచరు

హైమవతి టీచరుగారు ఇక లేరన్న వార్త నాకు ఆదివారం పొద్దున బాపట్ల కూరగాయల మార్కెట్లో తెలిసింది. చేతిలో సంచీ ఉంది, చుట్టూ బేరాల గోల ఉంది. ఫోనులో అవతలి మనిషి రేపల్లె స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాడు. తెనాలిలో ఎక్కిన ఒక పెద్దావిడ కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతున్నట్టే ఉన్నారని, బండి రేపల్లె చేరి జనమంతా దిగిపోయినా ఆవిడ లేవలేదని, భుజం తట్టబోతే ఒళ్ళు చల్లగా తగిలిందని చెప్పాడు. ఆవిడ ఫోనులో చివరగా మాట్లాడిన నంబరు నాదట. అందుకని నాకు చేశాడు. నేను సంచీ అక్కడే ఒక అంగడి దగ్గర పెట్టి బయల్దేరాను. దాన్ని మళ్ళీ తెచ్చుకున్నానో లేదో ఇప్పటికీ గుర్తులేదు.

రేపల్లె ఆసుపత్రిలో ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది. ప్రాణం దారిలోనే, బహుశా వేమూరు రాకముందే పోయి ఉంటుందని డాక్టరు అన్నారు. ముప్పై ఏళ్ళు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పుకున్న సహోద్యోగిని. అంతకు ముందు సాయంత్రమే ఫోనులో నవ్విన మనిషి. నాకు ఏడుపు రాలేదు. ఏదో మరిచిపోయానన్న తొందర మాత్రం లోపల తిరుగుతూ ఉంది. కాసేపటికి గుర్తొచ్చింది: ఆ రోజు రేపల్లెలో కథల ఆదివారం, ఆమె పిల్లల చేత రాయించే రోజు. పిల్లలు బడిలో ఆమె కోసం కూర్చుని ఉంటారు. వాళ్ళకు చెప్పి ఇళ్ళకు పంపించాలి.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం కావస్తోంది. పెద్దవాళ్ళెవరూ లేని గదిలో ఎంత అల్లరి జరుగుతుంటుందో అనుకుంటూ వరండా ఎక్కాను. లోపల చప్పుడే లేదు. కిటికీలోంచి చూస్తే తలలన్నీ వంగి ఉన్నాయి. కాగితాల మీద పెన్సిళ్ళు కదులుతున్న సవ్వడి ఒక్కటే వినిపిస్తోంది.

"ఎవరు మొదలుపెట్టమన్నారమ్మా?" అని ముందు వరసలో ఉన్న పిల్లని అడిగాను.

"టీచరుగారేనండి."

"ఎప్పుడు?"

"ఇందాకండి. గుమ్మం దగ్గర నిలబడి, మీరు మొదలుపెట్టండి, నేను వస్తాను అని వెళ్ళారండి."

"లోపలికి రాలేదా?"

"లేదండి. కాళ్ళు తడిగా ఉన్నాయండి. అందుకని రాలేదనుకున్నాం."

నేను వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాను. ఎర్రటి ఎండ. వరండా పొడిగా ఉంది.

జీవితమంతా భౌతికశాస్త్రం బోధించినవాణ్ణి. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు చెప్పడమే నాకు చేతనైన పని. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. కొందరు చూశామన్నారు. కొందరు గొంతు మాత్రమే విన్నామన్నారు. ఒక పిల్ల, "నాకేమీ వినపళ్ళేదండి, అందరూ రాస్తుంటే నేనూ రాశాను" అంది. ఇంతకు మించి నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

ఆ పసిమనసులకు మరణవార్త ఎలా చెప్పానో కూడా సరిగా గుర్తులేదు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఒక పిల్ల లేచి, "రాస్తున్నది అవగొట్టి ఇంటికెళ్ళచ్చా అండి?" అని అడిగింది. సరేనన్నాను. అందరూ మళ్ళీ తలలు వంచారు.

హైమవతిగారు తెలుగు ఉపాధ్యాయిని. బాపట్లలో మా ఉన్నత పాఠశాలకు వచ్చిన మొదటి ఏడే ఆమె స్వభావం మాకు బోధపడింది. మూడు నెలల పరీక్షల్లో వర్షాకాలం మీద వ్యాసం అడిగారు. ఆ జవాబు పత్రాలు తెచ్చి స్టాఫ్‌రూమ్ బల్ల మీద పరిచి, "మాస్టారూ, ఇంతమంది పిల్లల మీద ఒకటే వాన కురిసింది చూశారా?" అన్నారు. చూస్తే నిజమే. ప్రతి వ్యాసమూ గైడులోని ఒకే వాక్యంతో మొదలై, గైడులోని ఒకే వాక్యంతో ముగిసింది. పడవలూ, కప్పలూ, రైతుల ముఖాన చిరునవ్వూ, అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. "వీళ్ళు తడవలేదు" అని మాత్రం అన్నారు.

మర్నాడు నా తరగతి పక్క గదిలో ఆమె పీరియడ్. ఎప్పుడూ సంతలా ఉండే ఆ గది ఉన్నట్టుండి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం ఎంతకీ వీడలేదు. ఏదో ప్రమాదం జరిగిందేమోనన్న కంగారుతో నేను సుద్దముక్క చేతిలో పట్టుకునే వెళ్ళి తొంగి చూశాను. నల్లబల్ల మీద ఒకే ప్రశ్న ఉంది: "మీ ఇంట్లో మీరు ఒక్కరే వెళ్ళడానికి భయపడే చోటు ఏది?" పిల్లలంతా రాస్తున్నారు. గాదె కింద చీకటి, పెరట్లో పాడుబడ్డ నుయ్యి, తాతయ్య పోయిన మంచం, దండెం మీద గాలికి ఊగే చీర. ఒక పిల్లవాడు చోటు రాయలేదు. నాన్న ఇంటికొచ్చేటప్పుడు వినిపించే చెప్పుల చప్పుడు రాశాడు. ఆ సాయంత్రమే ఆమె ఆ ఇంటికి వెళ్ళి తండ్రితో మాట్లాడారు. ఏం మాట్లాడారో ఎవరికీ చెప్పలేదు. వాడు మాత్రం మర్నాటి నుంచి ముందు బెంచీలో కూర్చున్నాడు.

అలా మొదలైంది. ఏడాది తిరిగేసరికి సెలవు రోజున కూడా పిల్లలు ఆమె ఇంటి అరుగు మీద చేరారు. అటుపైన అది తెనాలికీ రేపల్లెకీ పాకింది. ఒక ఆదివారం బాపట్ల, ఒక ఆదివారం తెనాలి, మరో ఆదివారం రేపల్లె. రేపల్లె వెళ్ళినప్పుడల్లా మధ్యాహ్నం బస్సెక్కి నిజాంపట్నం కూడా. పదవీ విరమణ తర్వాత ఇదే ఆమెకు సర్వస్వమైంది. నేనూ తరచు తోడు వెళ్ళేవాణ్ణి. బహుమతులు ఉండేవి కావు. పోటీలు పెట్టేవారు కారు. ఎర్రసిరా వాడేవారు కారు. రాసినదాన్ని ప్రతి పిల్లా పైకి చదవాలి, లేకపోతే తనే చదువుతారు. చదువుతున్నంతసేపూ ఆమె కళ్ళు మూసుకుని, తల కాస్త ఒక పక్కకు వంచి వినేవారు. ఆ వినడం నేను మరెవరి దగ్గరా చూడలేదు. ఎదురుగా ఉన్న పిల్లని కాక, ఆ పిల్ల వెనక నిలబడ్డవారెవరినో వింటున్నట్టు ఉండేది.

"ఒత్తులు తర్వాత దిద్దుకోవచ్చు. మాట ఒకసారి వెనక్కి పోతే మళ్ళీ రాదు" అనేవారు. "అందంగా రాయొద్దు, చూసింది రాయండి, అందం దానంతటదే వస్తుంది" అని కూడా అనేవారు. తెనాలిలో ఒక తండ్రి, "ఈ కథలకి మార్కులొస్తాయా అండి?" అని అడిగితే, "రావండి. నిద్ర వస్తుంది" అన్నారు. ఆయనకు అర్థం కాలేదు. నెల తిరక్కుండానే వచ్చి, తన కొడుకు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవడం మానేశాడని చెప్పి వెళ్ళాడు.

తెనాలిలోనే జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. అక్కడొక బియ్యం వ్యాపారి కూతురు, మూడో తరగతి పిల్ల, తమ ఇంట్లో భోజనాల గురించి రాసింది. "మేం కింద కూర్చుని తింటాం. నాన్న, అమ్మ, మామ్మ, నేను. నాన్నకీ అమ్మకీ మధ్య ఎప్పుడూ ఒక చోటు ఖాళీ వదులుతారు. అక్కడ ఎవరు కూర్చుంటారో నాకు తెలీదు. కానీ వాళ్ళకి ఆకలి వెయ్యదు." అంతే, ఇంకేమీ లేదు. టీచరుగారు దాన్ని మామూలు గొంతుతో చదివి పిల్ల తల నిమిరారు.

ఆ వారమే తల్లీ తండ్రీ వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. తండ్రి కోపంగా ఉన్నాడు. "మా పిల్లకి ఇలాంటివి ఎవరు చెప్పారండి? మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

"ఏం చెప్పలేదండి?" అని అడిగారు ఆమె.

తల్లి తల వంచుకుని, "దీనికంటే ముందు ఒక పిల్లాడుండేవాడండి. మూడేళ్ళు పెరిగి పోయాడు. ఫోటో కూడా ఉంచలేదు. దీనికి ఆ ఊసే తెలీదు" అంది. భర్త వైపు చూసి, "మనం అట్టా చోటు వదిలి కూర్చుంటన్నామా ఏంటి?" అని అడిగింది. ఆయనకూ తెలియదు. ఆ ఇద్దరికీ అప్పటిదాకా తెలియదు.

"ఎవరూ చెప్పక్కర్లేదండి" అన్నారు టీచరుగారు మెల్లగా. "ఇల్లు చెప్తుంది. పిల్లలు దాన్ని వింటారు. ఆ పేరేదో మీరే ఆ పిల్లకి చెప్పేయండి."

చెప్పారట. కానీ ఊళ్ళో ఈ సంగతి మరోలా తిరిగింది. ఆవిడకు గాలి సోకిందనీ, పిల్లల చేత లేనిపోనివి పలికిస్తోందనీ కొందరు అన్నారు. ఒక ఆదివారం మేం వెళ్ళేసరికి తెనాలిలో కథలకని మాకిచ్చే గదికి తాళం వేసి ఉంది. ఆమె ఎవరినీ అడగలేదు. పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టి, "తాళం వేసిన గదిలో ఇప్పుడు ఏం జరుగుతుంటుందో రాయండి" అన్నారు. ఆ రోజు చదువుతుంటే తాళం చెవి చేతిలో పట్టుకున్నాయన కూడా వచ్చి ఒక వారగా నిలబడి విన్నాడు. మరుసటిసారి గది తీసే ఉంది.

ఇక దుర్గ సంగతి. దీన్ని రాయొచ్చా అని ఆ పిల్లనీ తల్లినీ అడిగి, వాళ్ళు సరేనన్నాకే రాస్తున్నాను.

దుర్గ తండ్రి నిజాంపట్నంలో మరపడవ మీద వేటకు వెళ్ళేవాడు. ఒకసారి గాలివానలో పడవ తిరగబడింది. మిగిలినవాళ్ళు ఎలాగో ఒడ్డు చేరారు. అతను చేరలేదు. శవమూ దొరకలేదు. భార్య మంగమ్మ బొట్టు తీయలేదు. బంధువులు కర్మ చేయాలన్నప్పుడల్లా, "మనిషి కనపళ్ళేదు గదా, నేనెట్టా తీస్తాను?" అనేది. రోజూ అతనికి అన్నం మూతపెట్టి ఉంచేది. కూతురు ఆ వారం నుంచే మాట్లాడటం మానేసింది. బడికి వస్తుంది, కూర్చుంటుంది, వెళ్తుంది. నోరు విప్పదు. మంగమ్మే వచ్చి, "పిల్ల నోరు తెరిపించండి టీచరమ్మా" అని బతిమాలింది.

టీచరుగారు ఆ పిల్లని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చుని, ముందు తెల్లకాగితం పెట్టి ఊరుకునేవారు. నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం దుర్గ పెన్సిలు తీసుకుని కాసేపు రాసి కాగితం ఆమె వైపు తోసింది. ఎండుచేపల వాసన నిండిన ఆ గదిలో టీచరుగారు దాన్ని అందరివీ చదివినట్టే చదివారు.

"నేను మీ నాన్నని. ఇక్కడ గాలి లేదు. అందుకని చప్పుడు లేదు. పైన పడవలు పోతుంటే మబ్బులు పోతున్నట్టు ఉంటది."

మిగతా పిల్లలు కదల్లేదు. తర్వాత వెళ్ళినప్పుడు ఇంకొన్ని వాక్యాలు రాసింది. "ఇక్కడ చాలామంది ఉన్నారు. ఎవరూ ఎవరి పేరూ అడగరు." ఆ పైసారి, "నా చొక్కా నాకు వదులయింది. లోపల చేపలు తిరుగుతున్నాయి." పదేళ్ళ పిల్ల రాతలివి. ఆమె తండ్రితో కలిసి వేటకు వెళ్ళిన మగవాళ్ళు, అది అచ్చం అతని మాటతీరేనన్నారు.

మంగమ్మకు తెలిసింది. చేపలు ఎండబెట్టే దిబ్బ మీద నుంచి నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడింది. "నా పిల్ల నోరు తెరిపించమన్నాను గానీ, ఆయన్ని పిలిపించమన్నానా టీచరమ్మా?" అంది. కోపం కాదది, భయం. నేను కూడా టీచరుగారిని పక్కకు పిలిచి, ఇక ఆపేద్దామన్నాను.

"సగంలో ఆపితే ఆ పిల్ల అక్కడే ఉండిపోతుంది మాస్టారూ" అన్నారు. మంగమ్మ చెయ్యి పట్టుకుని, "నువ్వూ వచ్చి కూర్చోమ్మా. విన్నాక ఆపమంటే ఆపేస్తాను" అన్నారు.

మంగమ్మ కూతురికి ఎదురుగా నేల మీద కూర్చుంది. దుర్గ రాసింది. చాలాసేపు రాసింది. టీచరుగారు చదివారు. "మూల ఉన్న వల మీ మేనమామకి ఇవ్వండి, ఎలకలు కొడతాయి. మీ అమ్మని పెందలాడే తినమను. నాకు అన్నం ఉంచొద్దను. ఇక్కడ ఆకలి వెయ్యదు. నేను నడిచి వచ్చేంత దూరంలో లేను."

ఆకలి వెయ్యదన్న మాట దగ్గర టీచరుగారి గొంతు ఒక్క క్షణం ఆగింది. తెనాలి పిల్ల రాసిందీ అదే మాట. ఈ ఇద్దరూ ఒకరినొకరు చూసింది లేదు. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

మంగమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. చివరికి, "మళ్ళీ ఎప్పుడు రాస్తాడంట?" అని అడిగింది. టీచరుగారిని అడిగింది. ఆమె పిల్ల వైపు చూశారు.

"ఇంక రాయడమ్మా. అయిపోయింది" అంది దుర్గ.

అన్నాళ్ళ తర్వాత ఆ పిల్ల పలికిన మొదటి మాట అది. గొంతు బొంగురుగా వచ్చింది. మంగమ్మ ఆ మాటకు ఏడవాలో, ఆ గొంతుకు సంతోషించాలో తెలియక పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. ఆ వారంలోనే ఒడ్డున కర్మ జరిపించారు. వల మేనమామకు ఇచ్చేశారు.

తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక అడిగాను, అది ఎవరు రాసినట్టని. "పిల్ల రాసింది మాస్టారూ. ఎవరు రాయించారంటే నాకు తెలీదు. నేను మాత్రం కాదు" అన్నారు. కాసేపు కిటికీలోంచి ఉప్పుమళ్ళు చూస్తూ కూర్చుని, అంతవరకూ ఎప్పుడూ చెప్పని మాట చెప్పారు.

ఆమె పుట్టింది ఆ తీరంలోనే. ఉప్పెన వచ్చిన ఏడు చిన్నపిల్ల. చిట్టి అని ఒక చెల్లెలుండేది. నీళ్ళు ఇంట్లోకొచ్చాక తండ్రి ఈమెను తాటిచెట్టుకు కట్టాడు. చెల్లెలి చెయ్యి ఈమె చేతిలో పెట్టాడు. "గట్టిగానే పట్టుకున్నాను. తెల్లారబోతుండగా ఉన్నట్టుండి చెయ్యి తేలికైపోయింది. వదిలింది నేనో అదో నాకిప్పటికీ తెలీదు" అన్నారు. తర్వాత ఇంట్లో ఎవరూ చిట్టి పేరు ఎత్తలేదు. ఒక్కరు ఒక్క మాట అడిగినా చెప్పేసి ఉండేదాన్నన్నారు. ఎవరూ అడగలేదు.

"అయితే మీరే రాయొచ్చుగా?" అన్నాను.

"నేను రాస్తే నాకు అనుకూలంగా రాసుకుంటాను మాస్టారూ. అది వద్దు. పిల్లలు రాస్తుంటే వింటాను. ఎప్పుడైనా, ఎవరి నోటనైనా, దాని మాట వస్తుందేమోనని."

ఆ ఆదివారాలన్నిటి వెనకా ఉన్నది ఇది. వందలాది పిల్లల రాతలు ఆమె కళ్ళు మూసుకుని విన్నది ఒక్క చిన్న గొంతు కోసం. అది వచ్చిందో లేదో నాకు తెలియదు. రాలేదనే అనుకుంటాను. ఆ ఎదురుచూపులో ఎందరు పిల్లలు తమ మాట తాము చెప్పుకున్నారో మాత్రం ఈ నాలుగు ఊళ్ళకూ తెలుసు. తన దుఃఖాన్ని పదిమందికి పంచేవారిని చూశాం. దాన్ని దాచుకుని, దానితోనే పదిమంది దుఃఖానికి చెవి ఒగ్గిన ఆ మహనీయురాలి వంటివారిని మళ్ళీ చూస్తామని నేను అనుకోను. ఆమె స్థానంలో కూర్చోమని కొందరు నన్ను అడిగారు. పాఠం చెప్పగలను. అలా వినడం నాకు రాదు.

ఆమె పెద్దకర్మ నాడు బాపట్లలో ఆమె ఇంటి ముందు షామియానా వేశాం. తెనాలి నుంచి, రేపల్లె నుంచి, నిజాంపట్నం నుంచి పిల్లలు వచ్చారు. ఉపన్యాసాలు వద్దని, ఎవరు రాసింది వాళ్ళు చదివితే చాలని అనుకున్నాం. ఒక్కొక్కరే లేచి చదువుతున్నారు. ఎవరిది ఏమిటన్నది ఇక్కడ రాయను, అవి వాళ్ళవి. నేను మాత్రం ప్రతిదాన్నీ చెవులు రిక్కించి విన్నాను. చిట్టి మాట ఎక్కడా రాలేదు.

మంగమ్మ నా పక్కన కూర్చుని ఉంది. ఇంటర్ చదువుతున్న దుర్గ ఆమె పక్కన ఉంది. చదవడం ఒక విడత ఆగినప్పుడు మంగమ్మ నా వైపు వంగి, "మా ఆయన మాట మా పిల్ల రాసింది. టీచరమ్మ మాట ఎవరు రాస్తారండి?" అని అడిగింది.

దుర్గే అంది, పిల్లలందరికీ వినపడేట్టు, చాలా మామూలుగా.

"ఆవిడ రాయరమ్మా. వింటన్నారు."

ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తర్వాత లేచిన పిల్లలంతా, ఎవరూ చెప్పకుండానే, గొంతు కాస్త పెంచి చదివారు.